విశ్వపౌర విద్య: భైంసా నుంచి ఒక పరిశీలన

విద్యార్థులను బాధ్యత, కరుణ కలిగిన ప్రపంచ పౌరులుగా పెంచాలన్న ఆలోచనకు ఇవాళ విశ్వపౌర విద్య అని పేరు. దీని వెనక అంతర్జాతీయ పత్రాలు చాలానే ఉన్నాయి. దేశాల మధ్య అవగాహన కోసం, శాంతి కోసం బడులు ఏం చేయాలో చెబుతూ యునెస్కో 1974లో ఒక సిఫారసు చేసింది. 2023 నవంబరులో దాన్ని సవరించింది. ఐక్యరాజ్యసమితి అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2012 సెప్టెంబరులో ప్రారంభించిన విద్యా కార్యక్రమం మూడు ప్రాధాన్యాలు పెట్టుకుంది. పిల్లలందరినీ బడిలో చేర్చడం, చదువు నాణ్యత పెంచడం మొదటి రెండు. మూడోది విశ్వపౌరసత్వం. 2015లో దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో అది 4.7వ అంశమైంది. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా ఉన్నత విద్య గురించి మాట్లాడేచోట దీన్ని పేరుపెట్టి చెప్పింది. ఇంత జరిగినా, ఈ చదువు ఎవరి కోసం అని అడిగితే చాలామంది మనసులో మెదిలేది నగరాల్లోని అంతర్జాతీయ పాఠశాలలు, విదేశీ బోర్డుల సిలబస్, విమానమెక్కి వెళ్లే విద్యార్థి బృందాలే. ఆ ఊహ తప్పని చూపడానికి నిర్మల్ జిల్లాలోని భైంసా సరైన చోటు. ప్రపంచంతో ముడిపడి ఉండటం అక్కడి పిల్లలకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. వారికి అందనిది పక్క గల్లీ పిల్లలతో కలిసి పనిచేసే అవకాశం. దూరాన ఉన్నవారిపై కరుణ ఆ అవకాశం మీదే నిలబడుతుందన్నది ఈ వ్యాసం వాదన.

భైంసా మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా, నిర్మల్ నుంచి భోకర్, నాందేడ్ మీదుగా కళ్యాణ్ వైపు సాగే 61వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 2011 జనగణన నాటికి జనాభా దాదాపు 50 వేలు. హైదరాబాద్ సంస్థానంలో ఈ ప్రాంతం నాందేడ్ జిల్లాలోని ముధోల్ తాలూకా కింద ఉండేది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చి ఆదిలాబాద్ జిల్లాలో కలిపింది. అదే చట్టం ఆదిలాబాద్‌లోని కిన్వట్, రాజూరా ప్రాంతాలను అటు బొంబాయి రాష్ట్రానికి పంపింది. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో భైంసా నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. అంటే ఒక మనిషి ఇల్లు కదలకుండానే, ఒక్క జీవితకాలంలో, నిజాం ప్రజగా మొదలై మూడు రాష్ట్రాల పౌరుడయ్యాడు. ఇక్కడి బజారులో తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ ఒకే బేరంలో కలిసిపోతాయి. దగ్గర్లోని బాసర సరస్వతి ఆలయానికి తెలంగాణ నుంచీ మహారాష్ట్ర నుంచీ కుటుంబాలు అక్షరాభ్యాసానికి పిల్లల్ని తీసుకొస్తాయి. పౌరసత్వం గీతల మీద ఆధారపడుతుందనీ, గీతలు మారతాయనీ, మనుషుల మధ్య బంధం వాటికంటే పాతదనీ పిల్లలకు చెప్పడానికి ఈ ఊరి చరిత్రను మించిన పాఠం అక్కర్లేదు. అయినా రాష్ట్రమంతటికీ ఒకటే అయిన సాంఘిక శాస్త్రం పుస్తకంలో దానికి చోటు దొరకడం కష్టం. ఆ పని ఊళ్లోని ఉపాధ్యాయులే చేయాలి.

ప్రపంచం ఇక్కడికి ముందుగా పత్తి బండి మీద వస్తుంది. భైంసా చుట్టూ నల్లరేగడి నేల. ఊళ్లో మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు. 2025-26లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర రావాలంటే తేమ శాతం భారత పత్తి సంస్థ పెట్టిన హద్దు దాటకూడదు. బయటి వ్యాపారి ఇచ్చే ధర మాత్రం దేశంలోని మిల్లులు ఏం కొంటున్నాయి, విదేశీ పత్తి ఎంతకు దొరుకుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2021 కేంద్ర బడ్జెట్ దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం వేసింది. భారత సరుకులపై అమెరికా సుంకాలు 50 శాతానికి చేరిన 2025 ఆగస్టులో, బట్టల మిల్లులకు ఊరట కోసం, కేంద్రం ఆ దిగుమతి సుంకాన్ని ఏడాది చివరి దాకా ఎత్తేసింది. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయానికి ఢిల్లీ ఇచ్చిన జవాబు కుభీర్, తానూరు మండలాల్లో ఏరడానికి సిద్ధమవుతున్న పత్తి మీదికి వచ్చి పడింది. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఈ గొలుసు అర్థమయ్యేలా చెబితే అతను అర్థశాస్త్రం, భూగోళం, పౌరశాస్త్రం ఒకేసారి నేర్చుకుంటాడు. అంతకంటే ముఖ్యంగా, అమెరికా పత్తి రైతుకూ తిరుప్పూరు బట్టల కూలీకీ తన తండ్రికీ మధ్య ఉన్న సంబంధం అతనికి కనిపిస్తుంది. అందులో ఎవరిని కాపాడితే ఎవరికి దెబ్బ అన్న ప్రశ్నకు తేలిక జవాబు లేదు. తేలిక జవాబు లేని ప్రశ్నను ఓపికగా పట్టుకుని ఉండటం ఈ చదువుకు మొదటి మెట్టు.

రెండో దారి గల్ఫ్. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీ, కువైట్, ఖతార్‌లకు పోయినవారి ఇళ్లు లేని ఊరు అరుదు. ఇక్కడ పదో తరగతి సర్టిఫికెట్‌కు ఉన్న ఒక విలువను బడిలో ఎవరూ చెప్పరు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద వలస అనుమతి కావాలన్న ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతో సహా నిర్ణీత దేశాలకు కొలువుకు పోవాలంటే వాళ్లు 1983 వలసల చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతిని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల చేతిలో మోసపోయేది ఎక్కువగా వాళ్లే. అనుమతితో పోయేవారికి పది లక్షల రూపాయల ప్రవాసీ బీమా ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఒప్పంద పత్రం చదవడం, యజమాని అనుమతి లేకుండా కొలువు మారనివ్వని కఫాలా పద్ధతి అంటే ఏమిటో తెలుసుకోవడం, దానిలో ఖతార్ 2020లో చేసిన మార్పులను అర్థం చేసుకోవడం ఇక్కడి పిల్లలకు ప్రపంచ పౌరసత్వపు అత్యవసర పాఠాలు. మరొక సంగతీ ఉంది. ఈ ప్రాంతపు కార్మికుడు అక్కడి లేబర్ క్యాంపులో నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ కార్మికుల పక్కన మంచం వేసుకుంటాడు, వాళ్లతో కలిసి వండుకుంటాడు, జ్వరమొస్తే వాళ్ల చేతి మాత్ర మింగుతాడు. పరాయి దేశంలో పరాయి మతస్థుడితో కలిసి బతకడం తండ్రికి వచ్చు. ఆ విద్య అతనికి తెలుసని అతని కొడుకు చదివే బడి ఇంకా గుర్తించలేదు.

ఇక ఈ ఊరి గాయం. 2008 అక్టోబరులో దుర్గామాత నిమజ్జన ఊరేగింపు సమయంలో మొదలైన ఘర్షణలు భైంసాలో ప్రాణాలు తీశాయి. ఆ రోజుల్లోనే పక్కనున్న వాటోలి గ్రామంలో ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురు మంటల్లో కాలిపోయారు. 2020 జనవరిలో చిన్న వాగ్వాదంగా మొదలైన గొడవ ఇళ్లు తగలబెట్టే దాకా పోయింది. ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది. 2021 మార్చిలో మళ్లీ అలజడి రేగింది. ఈ తేదీలను ఏ ఒక్క మతం మీద అభియోగంగా చదివినా అవి మళ్లీ ఆయుధాలవుతాయి. చదవాల్సింది వేరొకటి. 2008లో పుట్టిన బిడ్డ 2020 నాటికి ఏడో తరగతి వయసుకు వచ్చింది. ఆ పన్నెండేళ్లలో ఆమె భూకంపాల గురించి, ప్రపంచ యుద్ధాల గురించి, ఓజోన్ పొర గురించి చదివింది. పక్క గల్లీలో తన వయసు పిల్ల ఇంట్లో పండుగ రోజు ఏం వండుతారో, ఆ పిల్ల దేనికి భయపడుతుందో తెలుసుకునే అవకాశం బడి ఆమెకు ఇచ్చిందా? ఇవ్వకపోతే, సిరియా శరణార్థుల మీద ఆమె రాసే వ్యాసానికి మార్కులు వేయవచ్చు, దాన్ని కరుణ అని మాత్రం అనలేం.

బడి ఆ అవకాశం ఇవ్వలేకపోవడానికి కారణం ఉపాధ్యాయుల మనసు కాదు, బడుల అమరిక. ఈ సరిహద్దు మండలాల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మీడియం సర్కారు బడులు ఉన్నాయి. మాతృభాషలో చదువు పిల్లల హక్కు. ఆ బడులు ఉండి తీరాలి. అయితే ఈ ఊళ్లో భాష గీత చాలాచోట్ల మతం గీత మీదే పడుతుంది. గురుకులాలు సైతం సాంఘిక సంక్షేమ, గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ సంస్థలుగా విడివిడిగా నడుస్తాయి. వాటిలో ఇతర వర్గాలకు కొన్ని సీట్లున్నా ప్రతిదానికీ ఒక వర్గం ముద్ర ఉంటుంది. ప్రైవేటు బడుల్లో ఫీజు గీత గీస్తుంది. ఈ అమరికలో ప్రతి భాగానికీ న్యాయమైన కారణం ఉంది. అన్నీ కలిసి ఇచ్చే ఫలితం మాత్రం ఎవరూ కోరుకున్నది కాదు. తెలంగాణ 2018 చట్టం అన్ని బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది, కాబట్టి ఉర్దూ, మరాఠీ పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. రెండూ కలిసి చదివే వీలును పెంచాయి. వీలు ఉన్నంత మాత్రాన కలవడం జరగదు.

ఎలా కలిస్తే మేలు జరుగుతుందో, ఎలా కలిస్తే చెడుతుందో ఇప్పుడు కొంత గట్టిగానే తెలుసు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో వేరు వర్గాల పరిచయం ద్వేషాన్ని తగ్గించడానికి నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఒకే లక్ష్యం, పోటీ కాక సహకారం, పైవాళ్ల మద్దతు. 2006లో పెటిగ్రూ, ట్రాప్ ఐదు వందలకు పైగా పరిశోధనలను కలిపి చూసి పరిచయం సాధారణంగా పక్షపాతాన్ని తగ్గిస్తుందనీ, ఆ షరతులు ఉన్నచోట ఇంకా బాగా తగ్గిస్తుందనీ తేల్చారు. మన దేశపు ఆధారాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఢిల్లీలోని ఖరీదైన ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు సీట్లు కేటాయించిన తర్వాత ఏం జరిగిందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించాడు. 2019లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ధనిక పిల్లలు మరింత ఉదారంగా మారారు, జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నప్పుడు పేద పిల్లల మీద వివక్ష తగ్గింది. ఇంగ్లీషులో స్వల్ప తగ్గుదల తప్ప వారి మార్కులకు చెప్పుకోదగిన నష్టం లేదు. తల్లిదండ్రుల మొదటి భయం మార్కుల గురించే కనుక ఈ చివరి ముక్క భైంసాలో అందరికీ తెలియాలి.

మాట్ లో అనే పరిశోధకుడు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో వెయ్యికి పైగా యువకులతో క్రికెట్ పోటీలు నడిపాడు. కొందరిని వేరు కులాలవారితో ఒకే జట్టులో పెట్టాడు, కొందరిని వేరు కులాల జట్లకు ఎదురుగా నిలబెట్టాడు. ఒకే జట్టులో ఆడినవారి మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురెదురుగా ఆడినవారిలో అవి తగ్గే ధోరణి కనిపించింది. మన బడుల్లో ఏటా జరిగే మండల క్రీడాపోటీలను ఈ ఫలితంతో పోల్చి చూడాలి. ఉర్దూ మీడియం జట్టు, తెలుగు మీడియం జట్టు తలపడే ప్రతి ఆటా సమైక్యతకు దోహదం అని ఉపన్యాసాల్లో చెబుతారు. నిజానికి ఆ ఆట గీతను చెరపడానికి బదులు దాని మీద సున్నం పోసి చూపుతుంది. జట్లను బడుల వారీగా కాక రెండు మూడు బడుల పిల్లల్ని కలిపి కడితే ఖర్చు పెరగదు, ఫలితం మారుతుంది. సల్మా మూసా ఇరాక్‌లో చేసిన అధ్యయనం ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఇస్తుంది. ఐసిస్ దాడులతో చెల్లాచెదురైన క్రైస్తవులను ముస్లింలతో కలిపి ఫుట్‌బాల్ జట్లు కట్టినప్పుడు, క్రైస్తవ ఆటగాళ్లు ఆ తర్వాత కూడా ముస్లింలతో కలిసి ఆడారు, వేరే జట్టులోని ముస్లిం ఆటగాడికి బహుమతి రావాలని ఓటు వేశారు. మైదానం బయట తెలియని ముస్లింల మధ్యకు వెళ్లడానికి మాత్రం ముందుకు రాలేదు. ఒక్క కలయికతో ఊరు మారదు. కలిసి చేసే పనులు బడిలో, మార్కెట్లో, మున్సిపాలిటీలో అనేకచోట్ల ఉండాలి.

తరగతి గదిలో దీనికి పనికొచ్చే పద్ధతి పాతదే. అమెరికాలో నల్ల, తెల్ల పిల్లల బడులను కలిపిన కాలంలో, 1971లో, టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో గొడవలు రేగినప్పుడు ఇలియట్ ఆరన్‌సన్ పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క ఇచ్చాడు. మిగతావారి మాట వినకపోతే ఎవరికీ మొత్తం పాఠం రాదు. ఇదే భైంసాలో పత్తి మీద చేయవచ్చు. మూడు మీడియంల నుంచి వచ్చిన ఐదుగురు పిల్లల జట్టులో ఒకరు మార్కెట్ యార్డులో ధర ఎలా నిర్ణయమవుతుందో తెలుసుకుని రావాలి, ఒకరు పురుగుమందుల వల్ల కూలీలకు వచ్చే జబ్బుల గురించి, ఒకరు దిగుమతి సుంకం గురించి, ఒకరు ఊరి పక్కనున్న గడ్డెన్న వాగు నీటి లెక్క గురించి, ఒకరు జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆడవాళ్ల కూలి గురించి. వచ్చిన భాషలో చెప్పుకుంటారు, రానిచోట ఒకరికొకరు అనువదించుకుంటారు. ఇక్కడి పిల్లలకు నాలుగు భాషలు చెవిన పడుతూ ఉండటం ఏ ఖరీదైన బడీ కొనలేని ఆస్తి. మనం దాన్ని పరీక్షలో తప్పుల కింద లెక్కిస్తున్నాం.

ఇలాంటి ఘర్షణలకు ఆజ్యం పోసే పుకార్ల విషయంలో కూడా ఆధారాలు ఒక దారి చూపుతున్నాయి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ సందేశాలతో దేశమంతా అమాయకులను కొట్టి చంపిన రోజుల్లో, జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు, పాట తోడు చేసుకుని, అబద్ధపు వీడియోల గురించి చెప్పించారు. అదే ఏడాది కేరళలోని కన్నూరులో కలెక్టరు సర్కారు బడుల్లోనే ఈ పాఠాలు పెట్టించారు. వీటి ఫలితం ఎంతో కొలవడం కష్టం. ఇలాంటి శిక్షణ ఫలితాన్ని బిహార్‌లో జరిగిన రెండు ప్రయోగాలు కొలిచాయి. 2019 ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ పెద్దలకు గంటసేపు ఇచ్చిన శిక్షణ వల్ల అబద్ధాలను గుర్తించే శక్తి మొత్తం మీద పెరగలేదు. తర్వాత ఆమె, సహచరులు 13 వేలకు పైగా విద్యార్థులను తీసుకుని కొన్ని వారాల పాటు, మళ్లీ మళ్లీ తరగతులు పెట్టినప్పుడు మార్పు వచ్చింది, నెలల తర్వాతా నిలిచింది, ఇంట్లో తల్లిదండ్రుల మీదికి కూడా కొంత పాకింది. ఈ రెండింటి మధ్య తేడా వయసు, సమయం. విశ్వపౌర విద్య పేరుతో ఏడాదికొక రోజు జెండాలు పట్టుకుని చేసే ఊరేగింపులు ఎందుకు పనికిరావో ఇంతకంటే సూటిగా చెప్పే ఆధారం కనబడదు.

కరుణ విషయంలో ఉత్తర తెలంగాణకు ఒక పాత అనుభవం ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కొమురం భీం చనిపోయిన తర్వాత గోండుల పరిస్థితిని తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా మనిషి. యుద్ధం వల్ల బ్రిటిష్ ఇండియా దృష్టిలో శత్రుదేశ పౌరుడు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి గోండుల భూమి సమస్యను ముందు అర్థం చేసుకున్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. దీని బలం ఆ జంట మంచితనంలో కంటే వరసలో ఉంది. ముందు భూమి హక్కు, పిల్లల సొంత భాష, వాళ్లలోంచి వచ్చిన ఉపాధ్యాయుడు. బయటి ప్రపంచపు భాషలు తర్వాత. విద్యావేత్త వనెస్సా ఆండ్రియోటి 2006లో ఇదే విషయాన్ని సిద్ధాంతంగా చెప్పింది: పేదల మీద జాలి నేర్పే విశ్వపౌర విద్య ధనికుల పిల్లల్లో గొప్పతనపు భావం పెంచి, పేదరికానికి కారణాలను దాచేస్తుంది. సంపన్న దేశాల పాఠాల్లో ఆదిలాబాద్ పిల్లవాడు సాయం అందుకునే బొమ్మగా కనిపిస్తాడు. అతనే పాఠం నేర్పే మనిషిగా నిలబడాలంటే, తన జీవితాన్ని ప్రపంచపు లెక్కల్లో తానే చదవగలగాలి. కరుణకు న్యాయం తోడు లేకపోతే అది కిందికి చూసే చూపుగానే మిగులుతుంది.

ఈ చదువుతో దేశభక్తి పలచబడుతుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తన ఊరిని, దేశాన్ని ప్రేమించనివాడు ప్రపంచాన్ని ప్రేమిస్తున్నానంటే నమ్మలేం. అది బాధ్యత తప్పించుకునే మార్గం కూడా కావచ్చు. కానీ మన రాజ్యాంగం ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టలేదు. అంతర్జాతీయ శాంతిని పెంచడం రాజ్యం పని అని 51వ అధికరణ చెబుతుంది. 42వ సవరణతో వచ్చిన 51ఎ అధికరణ, మత, భాష, ప్రాంత భేదాలకు అతీతంగా సోదరభావం పెంచడాన్ని, ప్రాణుల పట్ల కరుణను, శాస్త్రీయ దృక్పథాన్ని ప్రతి పౌరుడి విధులుగా రాసింది. దేశభక్తి పేరుతో ఈ చదువును వద్దనేవారు రాజ్యాంగపు పుట ఒకటి పక్కన పెట్టి మాట్లాడుతున్నారు. ప్రపంచం అంటే విదేశీ బోర్డు అనుకునేవారిదీ పొరపాటే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల కోసం 2024 జనవరిలో అంతర్జాతీయ బాకలారియట్ సంస్థతో ఒప్పందం చేసుకుంది; ప్రభుత్వం మారాక అది సాగలేదు. అరువు తెచ్చుకున్న సిలబస్ ఎంత మంచిదైనా ఎన్నికలతో వస్తుంది, ఎన్నికలతో పోతుంది. ఊరి పత్తి, ఊరి వలస, ఊరి వాగు మీద కట్టిన పాఠానికి ఆ భయం ఉండదు.

పేద పిల్లలకు కావాల్సింది కొలువు, ఈ మాటలు కాదన్నది మరింత బలమైన అభ్యంతరం, ఎందుకంటే అది ప్రేమలోంచి వస్తుంది. దానికి జవాబు ఈ చుట్టుపక్కలే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా, ఖమ్మం ప్రాంతపు ఆనంద్ కుమార్‌తో కలిసి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. పెద్ద ప్రపంచం తనదనుకోవడానికి పూర్ణకు ముందు డబ్బు రాలేదు, నమ్మకం వచ్చింది. బాసరలో 2008లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కులతో పల్లె పిల్లల్ని చేర్చుకుంటుంది. అక్కడి విద్యార్థులు 2022 జూన్‌లో వసతుల కోసం దాదాపు వారం రోజులు, వానలోనూ, ఆవరణలోనే శాంతంగా కూర్చుని, మంత్రితో చర్చల దాకా తెచ్చారు. బాధ్యత అంటే చెప్పింది వినడమే అనుకునే బడికి ఆ వారం ఒక పాఠం: ఆస్తి ధ్వంసం చేయకుండా, ఎవరినీ దూషించకుండా, అధికారాన్ని జవాబు అడగడం పౌరుడి పనిలో భాగం. కొలువు ఇచ్చే కంపెనీ అయినా, గల్ఫ్ యజమాని అయినా, ఇలా కలిసి నిలబడటం తెలిసిన మనిషిని అంత సులువుగా మోసం చేయలేరు.

మిగిలింది కఠినమైన అభ్యంతరం: రాజకీయం రగిలించే మంటను బడి ఆర్పలేదు. నిజమే, ఒంటరిగా ఆర్పలేదు. అశుతోష్ వార్ష్నేయ్ 2002లో ప్రచురించిన అధ్యయనం దేశంలో కొన్ని నగరాలు మళ్లీ మళ్లీ రగలడానికీ, అలాంటివే మరికొన్ని శాంతంగా ఉండటానికీ కారణం వెతికింది. పల్లెల్లో రోజువారీ పలకరింపులు సరిపోతాయి. పట్టణం పెరిగినకొద్దీ అవి చాలవు, రెండు మతాలవారూ కలిసి నడిపే సంఘాలు ఉండాలన్నది ఆయన తేల్చిన విషయం. వ్యాపార సంఘం, కార్మిక సంఘం, చదువరుల సంఘం ఏదైనా కావచ్చు. పుకారు పుట్టిన రాత్రి ఒకరికొకరు ఫోన్ చేసి నిజం కనుక్కునే మనుషులు అలాంటి సంఘాల్లోంచే వస్తారు. భైంసా ఇప్పుడు ఆ మలుపులో ఉన్న ఊరు: పల్లె పలకరింపులకు పెద్దది, నగరపు సంఘాలకు చిన్నది. పదిహేనేళ్ల పిల్లలు ఇప్పుడు కలిసి పత్తి లెక్క వేస్తే, పదేళ్ల తర్వాత మార్కెట్ యార్డులో, జిన్నింగ్ మిల్లులో, మున్సిపల్ వార్డులో ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. జాతీయ విద్యా విధానం చెప్పిన పాఠశాల సముదాయాల్లో వేరు మీడియంల బడులను ఒకే సముదాయంలో పెట్టాలి, వారానికి రెండు పీరియడ్లు ఉమ్మడి పనికి టైమ్ టేబుల్‌లో రాయాలి, ఆ పనికి పదో తరగతి అంతర్గత మార్కుల్లో వాటా ఇవ్వాలి, ఉర్దూ, మరాఠీ, తెలుగు సార్లను కలిపి శిక్షణకు పంపాలి, ఆ బృందాన్ని కనీసం మూడేళ్లు బదిలీ చేయకుండా ఉంచాలి. మొదటి ఏడాది ముధోల్ నియోజకవర్గంలో ఒక్క సముదాయంలో ఇది జరిగితే, బిహార్‌లో చేసినట్టు ముందూ తర్వాతా కొలిచి, ఫలితం ఎలా వచ్చినా ఊరి ముందు పెట్టవచ్చు.